నాయనమ్మ ఉబ్బసం, రూబీ దగ్గు

మా అపార్ట్‌మెంటులో కింది ఫ్లాట్‌లో ఉండే లావణ్యకి ఒక పామరేనియన్ కుక్క ఉంది. తెల్లగా, ఒళ్ళంతా బొచ్చుతో, దోసెడంత ఉండి తనని తాను పులి అనుకునే రకం. పోయిన నెల అది రెండు రోజులుగా ఒకటే దగ్గుతోందని, ఒక్కదాన్నీ వెళ్ళాలంటే కాళ్ళు చేతులు ఆడటం లేదని, "తోడు రండి ఆంటీ, ప్లీజ్" అని బతిమాలితే కుక్కల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నాకు కుక్కలంటే భయం లేదు, అసహ్యమూ లేదు. కానీ యాభై ఏళ్ళుగా ఏ కుక్క తల మీదా చెయ్యి వెయ్యలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే చిన్నది. కుక్క గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా నొక్కింది. అది బాతు అరిచినట్టు "గాక్ గాక్" మని దగ్గింది. "ఈ జాతికి ఇది మామూలేనండీ" అందా అమ్మాయి. "ఊపిరి గొట్టం మెత్తబడి లోపలికి నొక్కుకుపోతుంది. వీటికి మోకాలి చిప్ప కూడా జారుతుంటుంది. పళ్ళు తొందరగా ఊడతాయి. పెద్దయ్యాక గుండె వాస్తుంది. ఒళ్ళు రానివ్వకండి, మెడకి పట్టీ కట్టకండి. ఇంట్లో పొగేమైనా ఉందా? సిగరెట్లు, అగరొత్తులు, దోమల పొగ?" నేను లేచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. లావణ్య వెనకాలే పరిగెత్తుకొచ్చి "ఏమైందాంటీ, ఏసీ పడలేదా?" అంది. పడలేదమ్మా అన్నాను. ఇంకేం చెప్పను?

అప్పట్లో మేము పటమటలో ఉండేవాళ్ళం. వరసగా మూడు వాటాలున్న పెంకుటిల్లు, చివరి వాటా మాది. వెనక కొంచెం దూరంలోనే పొలాలు. ఆటోనగర్ వైపు నుంచి పగలంతా రేకులు సాగగొట్టే చప్పుడు వస్తూనే ఉండేది. నాన్న పేరు దేవదానం, హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఆయన్ని మాస్టారు చేసింది మా నాయనమ్మ సువార్తమ్మ. కంకిపాడు పక్క పల్లె ఆవిడది. నాన్న చిన్నప్పుడే తాతయ్య పోతే, రైసు మిల్లులో తవుడు జల్లిస్తూ, నూకలు చెరుగుతూ ఏళ్ళకేళ్ళు గడిపింది. మిల్లు నుంచి ఇంటికొస్తే ఆవిడ కనురెప్పల మీద కూడా దుమ్మే ఉండేదట. "ఆ దుమ్ము దులుపుకున్నాకే నన్ను ముట్టుకునేది" అని నాన్న చెప్పేవాడు. నాన్న చదువంతా ఆ దుమ్ములోంచే వచ్చింది. దుమ్ము మాత్రం ఆవిడ ఛాతీలో మిగిలిపోయింది.

ఉబ్బసం అంటే ఇప్పటి పిల్లలకి అరచేతిలో పట్టే పీల్చే మందు. మా ఇంట్లో ఉబ్బసం అంటే ఒక మనిషి రాత్రీ పగలూ నులకమంచం మీద నిటారుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద మోపి, గాలిని చేదుకోవడం. పక్క మీద వెన్ను వాల్చి పడుకోవడమన్నది ఆవిడకి లేదు. ఆవిడ మందు ఉమ్మెత్తాకు. కాలవ గట్టున నాతో కోయించి, నీడన ఎండబెట్టి, నలిపి డబ్బాలో పోసి పెట్టుకునేది. పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, అమ్మ పొయ్యిలోంచి నాలుగు నిప్పులు మూకుట్లో వేసి ఇస్తే వాటి మీద చారెడు ఆకు చల్లి, తల మీద పాత దుప్పటి కప్పుకుని ఆ పొగ పీల్చేది. కాస్త చేదుగా, కాస్త తడిగడ్డి తగలబెట్టినట్టు ఉండే వాసన. మా బట్టలకీ, నా పుస్తకాలకీ, చివరికి పెరుగన్నానికి కూడా అదే వాసన. ఉమ్మెత్త విషమని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు ఆవిడకి ఊపిరి ఆడేది దానితోనే.

అలాంటి ఇంటికి రూబీ వచ్చింది. నాన్న దగ్గర ట్యూషన్ చదువుకున్న ఒక కుర్రాడి తండ్రి రైల్వేలో గార్డు. బదిలీ అయి వెళ్తూ, అంత దూరం తీసుకెళ్ళలేమని ఆ బొచ్చుకుక్కని పళ్ళబుట్టలో పెట్టి నాన్న చేతికిచ్చారు. నాయనమ్మ చూసి మండిపడింది. "ఒరే దేవదానం, మనుషులకే గాలి చాలని ఈ కొంపలో దీన్నెందుకు తెచ్చావురా? బొచ్చు చూడు, ముక్కులోకి పోద్ది!" వారం తిరక్కుండానే అది ఆవిడ ఒళ్ళోకి చేరింది. ఎవరు చేరదీశారో నాకు గుర్తులేదు. ఒళ్ళో కూర్చుంటే దింపేసేది, మళ్ళీ ఎక్కేది. చివరికి దింపడం మానేసింది. "దీనికి సిగ్గూ శరం లేదే విమలా" అని నాతో ఫిర్యాదు చేస్తూనే చెవుల వెనక గోకేది.

ఏం పెట్టాలో ఎవరికి తెలుసు? మేము తిన్నదే దానికీ. నాయనమ్మ వేడన్నంలో నెయ్యి వేసి, మాంసం పులుసు కలిపి, మెత్తగా పిసికి ముద్దలు చేసి పెట్టేది. ఏడాదికి దిండులా తయారైంది. వీధిలో అందరూ మెచ్చుకున్నారు. పరిగెత్తేటప్పుడు ఉన్నట్టుండి వెనక కాలు ఒకటి పైకి లాక్కుని మూడు కాళ్ళ మీద కుప్పిగంతులు వేసేది, పది అడుగులు వేశాక మళ్ళీ మామూలే. అదేదో కొత్త ఆట అనుకుని మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. దానికి నొప్పి అని ఎవరికీ తట్టలేదు. మూడో ఏడు పళ్ళు ఊడటం మొదలైతే, నాయనమ్మకి ఎక్కడలేని సంబరం. తన బోసి నోరు చూపించి "రావే, ఇద్దరం ఒకటే" అని బన్ను టీలో నానబెట్టి సగం తను, సగం అది తినేవాళ్ళు. కంకిపాడు సంతలో దూడల కోసం అమ్మే తోలు పట్టెడ ఒకటి చిన్నది చేయించి, మువ్వలు కుట్టించి నాన్న దాని మెడకి కట్టాడు. పొద్దున్నే దానికి తాడు తగిలించి కాలవ దాకా లాక్కెళ్ళడం నా పని. అది వెనక్కి గుంజేది, నేను ముందుకి గుంజేదాన్ని. మువ్వల చప్పుడుకి నాకు భలే గర్వంగా ఉండేది.

పక్క వాటాలో ఒక రిటైరైన కాంపౌండరు గారు ఉండేవారు. వీధిలో సగం మంది జబ్బులకి ఆయనదే ఆఖరి మాట. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, నాయనమ్మ గుండెల మీద తల పెట్టుకుని పడుకున్న రూబీని చూసి "మంచి పని చేశారు మాస్టారూ" అన్నారు. "ఇలాంటి చిన్న బొచ్చుకుక్కని రొమ్ముకి ఆనించుకుని పడుకుంటే ఉబ్బసాన్ని అది లాగేసుకుంటుంది. మనిషికి తగ్గుతుంది, దానికి వస్తుంది. నేను కళ్ళారా చూశాను." నాన్న నవ్వాడు. "భలే చెప్తారండీ మీరు" అన్నాడు. క్లాసులో ఊపిరితిత్తుల బొమ్మ గీసి చెప్పే మనిషి, నవ్వకేం చేస్తాడు? నేనూ నవ్వాను.

ఆ ఏడు చలికాలం నాయనమ్మకి ఆయాసం రాలేదు. అంతకు కొద్ది నెలల ముందే పెద్దాసుపత్రిలో డాక్టరు మాత్రలు మార్చి రాశాడు. ఆ మాత్రల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎందుకంటే సరిగ్గా అదే చలికాలం రూబీ దగ్గడం మొదలుపెట్టింది. ముందు నీళ్ళు తాగేటప్పుడు, తర్వాత సంతోషంతో గంతులేసినప్పుడు, ఆ తర్వాత ఊరికే. మెడ ముందుకి చాచి, ముందుకాళ్ళు విడదీసి నిలబడి, గాక్ గాక్ మని. చూస్తే అచ్చం నాయనమ్మ కూర్చునే తీరే. అమ్మ చేపముల్లు ఇరుక్కుందేమోనని నోట్లో వేలు పెట్టి చూసింది. వాము కషాయం పట్టింది. నాన్న ముఖంలోంచి ఆ నవ్వు పోయింది.

మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉండేది. చాప మీద అందరం మోకరించేవాళ్ళం. నాయనమ్మకి మోకరించడం కుదరక మంచం మీదే, ఒళ్ళో రూబీ. ఆ రోజు నాన్న "ప్రభువా, మా అమ్మకి ఊపిరినిచ్చావు, నీకు స్తోత్రం" అంటున్నాడు. రూబీ దగ్గింది. నాన్న ఆగాడు. అది దగ్గడం అయ్యేదాకా ఆగి, మళ్ళీ అక్కడి నుంచే "నీకు స్తోత్రం" అని మొదలుపెట్టాడు. నేను కళ్ళు తెరిచి చూశాను. నాన్న కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, వంటింట్లో అమ్మ, నాన్న మాట్లాడుకోవడం విన్నాను. "ఏమండీ, దాన్నొకసారి పశువులాసుపత్రికి తీసుకెళ్ళకూడదూ? నోరులేని జీవం, చూడలేకపోతున్నాను" అంది అమ్మ.

"చూద్దాంలే."

"ఎన్నాళ్ళు చూస్తారు?"

నాన్న గొంతు తగ్గించి అన్నాడు. "అది బాగుపడి, అమ్మకి తిరగబెడితే?"

"అయ్యో, మీరు సైన్సు మాస్టారండీ!"

"తెలుసు. మా అమ్మ వెన్ను వాల్చి పడుకుని నిద్రపోతోంది. నా చిన్నప్పటి నుంచీ నేను చూడలేదది. నాకింకేమీ అక్కర్లేదు."

అమ్మ మళ్ళీ ఎత్తలేదు ఆ మాట. నేను కూడా చెప్పకుండా మూడు వారాలు కడుపులో పెట్టుకున్నాను. ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. నాయనమ్మ పడుకుని నిద్రపోవడం నాకూ ఇష్టమే. పదకొండేళ్ళ దాన్ని, మంచం పక్కన కూర్చుని ఒకసారి నాయనమ్మ ముఖం, ఒకసారి రూబీ ముఖం చూస్తూ ఎవరు బతకాలో నేనూ తేల్చుకోలేకపోయాను. నాన్నని తప్పుపట్టే ముందు ఇది చెప్పాలి కదా.

నాయనమ్మకి మాత్రం ఏమీ తెలియదు. ఒకరోజు నా తలకి నూనె పెట్టి జడ వేస్తోంది. రూబీ మంచం కింద దగ్గుతోంది. "మీ నాన్నకి పదిసార్లు చెప్పానే, దీన్ని చూపించరా అని. రేపంటాడు, ఎల్లుండంటాడు. ఇంత రాతిగుండె వాడెప్పుడయ్యాడో" అని గొణిగింది. నాన్నని రాతిగుండె అనేసరికి నాకు ఏడుపొచ్చింది. మొత్తం చెప్పేశాను. నా జడలో ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఎవరన్నారే ఈ మాట?" అంది. కాంపౌండరు గారన్నారు, నాన్న నమ్మాడు అన్నాను. జడ చివరిదాకా అల్లి, రిబ్బను ముడేసి, "లే. రిక్షా పిలువు" అంది. ఏళ్ళ తరబడి చర్చికీ, పెద్దాసుపత్రికీ తప్ప గడప దాటని మనిషి.

పశువులాసుపత్రిలో అన్నీ గేదెలూ ఎడ్లే. వాటి మధ్య నాయనమ్మ కొంగులో చుట్టుకున్న బొచ్చుకుక్కని చూసి జనం నవ్వారు. డాక్టరు నవ్వలేదు. బల్ల మీద పెట్టించి, గొంతు నొక్కి చూసి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. "మామ్మగారూ, ఇది ఉబ్బసం కాదండీ. ఇలాంటి చిన్న కుక్కల్లో ఊపిరి గొట్టం మెత్తబడి అణిగిపోతుంది. దీనికి ఒళ్ళు కూడా బాగా వచ్చింది. ఈ పట్టెడ ఎవరు కట్టారు? తీసెయ్యండి ముందు." మువ్వల పట్టెడ ఆయనే విప్పి నా చేతిలో పెట్టాడు. దాని కింద మెడ చుట్టూ బొచ్చు అరిగిపోయి ఉంది. "ఇంట్లో పొగ తగులుతోందా?" అని అడిగాడు.

నాయనమ్మ అంది. "నా మందు పొగ బాబూ. ఉమ్మెత్తాకు. రోజూ రెండు పూటలా. ఇది నా ఒళ్ళోనే కూర్చుంటది. దుప్పటి కప్పుకుంటే లోపలికి దూరుద్ది."

ఆయన తన మెడలోంచి స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంత చిన్న ఊపిరి మామ్మగారూ... ఆ పొగకి తట్టుకోలేదు."

"మానేస్తే బాగవుద్దా?"

"కొంచెం ముందు తీసుకొస్తే బాగుండేది. ఇప్పుడు గుండె కూడా వాచింది. ఎండ తగలనివ్వకండి."

తిరుగు రిక్షాలో నాయనమ్మ రూబీని కొంగులోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. తన ఒళ్ళో పెట్టుకోలేదు. అది ఆవిడ వైపే పాక్కుంటూ పోతుంటే, రెండు చేతులతో ముఖం కప్పుకుని పెద్దగా ఏడ్చింది. "లాక్కోలేదే తల్లీ, నేనే పోశాను, నేనే పోశాను" అంటూ. రిక్షా అతను తొక్కడం ఆపి దిగి నిలబడ్డాడు. ఏం జరిగిందో అతనికేం తెలుసు? ఇంట్లో ఎవరో పోయారనుకున్నాడు, పాపం.

ఆ సాయంత్రం నాన్న బడి నుంచి వచ్చేసరికి ఎండబెట్టిన ఆకు మొత్తం మురుగు కాలవలో ఉంది. "అమ్మా, ఇదేమిటి? ఆయాసం వస్తే?" అన్నాడు.

"వస్తే వస్తది. నా జబ్బు నాదిరా. నిన్ను చదివించడానికి మిల్లులో తెచ్చుకున్నా. తెచ్చుకున్నందుకు ఏనాడన్నా ఏడ్చానా? దాన్ని ఈ నోరులేని దాని మీద రుద్ది నన్ను బతికించమని నీకు ఎవరు చెప్పార్రా? నేను చెప్పానా?"

నాన్న నా వైపు చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

పొగ మానేశాక రూబీ కాస్త కోలుకుంది. మాఘం నుంచి ఉగాది దాకా అప్పుడప్పుడే దగ్గేది. నేతి అన్నం మానేసి పలచటి జావ పోసేవాళ్ళం. అది గిన్నె వైపు, నాయనమ్మ వైపు మార్చి మార్చి చూసేది, ఏం తప్పు చేశానా అన్నట్టు. తర్వాత రోహిణి కార్తె వచ్చింది. బెజవాడ ఎండ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? గోడలు ముట్టుకుంటే కాలేవి. మంచానికి తడి గోనెలు కట్టి, కుండనీళ్ళలో తువ్వాలు ముంచి దాని మీద కప్పి, నాయనమ్మ తాటాకు విసనకర్రతో తెరిపి లేకుండా విసిరింది. మూడో రోజు మధ్యాహ్నం దాని నాలుక నేరేడు పండు తిన్నట్టు నీలంగా అయింది. నాయనమ్మ విసురుతూనే ఉంది. పోయిందత్తయ్యా అని అమ్మ చెప్పాక కూడా చాలాసేపు విసిరింది. కాలవ గట్టున నాన్నే గొయ్యి తవ్వాడు. నన్ను పార ముట్టుకోనివ్వలేదు.

లావణ్య కుక్కకి ఇప్పుడు చుక్కల మందుంది, ఛాతీకి తగిలించే మెత్తటి పట్టీ ఉంది, వేసవిలో ఏసీ ఉంది. రాత్రి దగ్గితే ఫోనులో డాక్టరుకి వినిపిస్తుంది. మాకు ఇవేవీ లేవు, నిజమే. కానీ లేకపోవడం వల్లే అంతా జరిగిందని చెప్పి తప్పించుకోలేను. పశువులాసుపత్రి రిక్షా దూరంలోనే ఉంది. ఆ డాక్టరు మంచివాడు. వెళ్ళకూడదని మా ఇంట్లో ఒకరు నిర్ణయించారు, ఇద్దరం ఊరుకున్నాం. ప్రేమ లేక కాదు. ఒకరి మీద ఉన్న ప్రేమంతా ఇంకొకరి గొంతు మీద కూర్చుంది.

తొలకరి వానలు పడగానే నాయనమ్మకి ఆయాసం తిరగబెట్టింది. పొగ మానేసినందుకో, చల్లగాలికో, మనసులో బెంగకో, ఏ డాక్టరూ చెప్పలేదు. మళ్ళీ నిటారుగా కూర్చోవడం, మళ్ళీ గాలి చేదుకోవడం. నాలుగో రోజు సాయంత్రం నాన్న వానలో తడిసి ఇంటికొచ్చాడు. చొక్కా గుండీలు రెండు విప్పితే లోపలి నుంచి తెల్లటి కుక్కపిల్ల తల బయటికి పెట్టింది. ఇంకా కళ్ళు సరిగ్గా తెరవలేదు. రైల్వే క్వార్టర్లలో ఎవరి దగ్గరో అడిగి తెచ్చాడట. మాకెవరికీ ఒక్క మాట చెప్పకుండా తీసుకెళ్ళి నాయనమ్మ గుండెల మీద పెట్టాడు.

అది వెచ్చదనం వెతుక్కుంటూ ఆవిడ మెడ కిందికి దూరింది. నాయనమ్మ దాని వీపు మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం, ఉంచుకుంటుందేమో అనుకున్నాను. దేవుడా క్షమించు, ఉంచుకుంటే బాగుండనే అనుకున్నాను. ఆవిడ దాన్ని రెండు చేతుల్తో ఎత్తి నాన్న చేతుల్లో పెట్టింది. "తీసుకుపోరా" అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ, "వాళ్ళమ్మ... ఎతుక్కుంటది."

నాన్న దాన్ని మళ్ళీ చొక్కా లోపల పెట్టుకున్నాడు. అమ్మ నా చేతికి గొడుగిచ్చి తోడు పొమ్మంది. రోడ్డంతా నీళ్ళు. సగం దారిలో నాన్న ఆగిపోయాడు. "విమలా, అది అబద్ధమని నాకు తెలుసమ్మా" అన్నాడు. "మొదటి రోజు నుంచీ తెలుసు. ఆవిడకి ఊపిరి ఆడకపోతుంటే, నేను చదివింది ఏదీ గుర్తు రాలేదు." ఏడుస్తున్నాడు. చొక్కా కింద కుక్కపిల్లని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి నా వైపు చాపాడు. నేను గొడుగు రెండు చేతులతో పట్టుకున్నాను. కాసేపు అలాగే చాపి ఉంచి, ఆ చేతితో ముఖం తుడుచుకుని ముందుకి నడిచాడు.